రికార్డింగ్ బాక్సుకు అప్‌డేట్ సిరిమానోత్సవానికైనా వస్తుందా?

గంటస్తంభం వీధి | విజయనగరం | 2 సెప్టెంబరు 2024, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఫిబ్రవరిలో మా కేబుల్ ఆపరేటర్ దగ్గర కొత్త హెచ్‌డీ బాక్సు తీసుకున్నాం. వెనక యూఎస్‌బీ ఉంది, హార్డ్ డిస్క్ తగిలిస్తే నచ్చిన కార్యక్రమం రికార్డు చేసుకోవచ్చని చెప్పి, మామూలు బాక్సు కన్నా ఎక్కువే పుచ్చుకున్నారు. రికార్డు అవుతుంది, కాదనను. కానీ కార్యక్రమం కాస్త పొడుగైతే రెండు గంటలు దాటాక ఎక్కడో ఒకచోట దానంతట అదే ఆగిపోతుంది.

అడిగితే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వస్తుందన్నారు. మార్చిలో అడిగితే ఉగాదికి అన్నారు. ఉగాది వెళ్లాక ఎన్నికలు అయ్యాక అన్నారు. టీవీ బాక్సుకూ ఎన్నికలకూ సంబంధం ఏమిటో నాకు తెలియలేదు. ఇప్పుడు వినాయక చవితి అంటున్నారు, అది ఈ శనివారమే.

నా తొందర పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం గురించి. ఈసారి అక్టోబరు 15, మంగళవారం. నాన్నగారికి 78 ఏళ్లు, మోకాళ్లు సహకరించవు. ఇంటికి కిలోమీటరు దూరంలో జరిగే ఉత్సవాన్ని నాలుగేళ్లుగా లోకల్ ఛానల్‌లో చూస్తున్నారు. మధ్యలో కునుకు పడుతుంది, లేచేసరికి సిరిమాను, అదే పూజారి కూర్చుని ఊరేగే పొడవాటి మాను, వెళ్లిపోతుంది. అందుకే ఈ రికార్డింగ్ బాక్సు కొన్నాను. పరీక్షగా వరలక్ష్మీ వ్రతం రోజున గుడి ప్రసారం పెట్టి చూశాను. సరిగ్గా హారతి ఇవ్వబోతుండగా ఆగిపోయింది. కళ్లకద్దుకుందామని చాచిన చేతులు అలాగే పెట్టుకుని నాన్నగారు నా వైపు చూశారు.

ఈ అప్‌డేట్ మన రెండు జిల్లాల్లో ఎవరికైనా వచ్చిందా?

ఏడురోడ్లు | శ్రీకాకుళం | 2 సెప్టెంబరు, రాత్రి 10:15

మాదీ అదే బాక్సు, అదే కథ. జనవరి నుంచి ఎదురుచూస్తున్నాను. మా ఆపరేటర్ గారు పండుగల పేర్లు చెప్పరు, "పై నుంచి రావాలండి" అంటారు. పైన అంటే ఎవరు అని అడిగితే వేలు ఆకాశం వైపు చూపిస్తారు. కేబుల్ అయితే భూమి మీదే ఉంది కదా అన్నాను. నవ్వి బిల్లు ఇచ్చి వెళ్లారు.

నాకు ఇంకో తేడా కనిపించింది. హెచ్‌డీ ఛానల్‌లో సినిమా పెడితే రెండు గంటల దాకా కూడా రాదు, విశ్రాంతికి ముందే ఆగిపోతుంది. కథానాయకుడు శపథం చేసిన సినిమాలు నా దగ్గర పదకొండు ఉన్నాయి. ఆ శపథం నెరవేర్చినది ఒక్కటీ లేదు.

లెక్కల మాస్టారు | బొబ్బిలి | 3 సెప్టెంబరు, ఉదయం 5:50

ఇద్దరికీ ఆశీస్సులు. "రెండు గంటలు దాటాక ఎక్కడో", "విశ్రాంతికి ముందే" అంటే నేను ఏమీ చెప్పలేను. ఏ ఛానల్ ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు ఆగిందో చూసి రాయండి. మూడేసి రికార్డింగులు చాలు. రిటైరైన వాడిని, నాకు పని కావాలి.

గంటస్తంభం వీధి | 3 సెప్టెంబరు, రాత్రి 8:05

లోకల్ ఛానల్: 2 గంటల 21 నిమిషాలు, 2 గంటల 24 నిమిషాలు, మళ్లీ 2 గంటల 24.

ఏడురోడ్లు | 3 సెప్టెంబరు, రాత్రి 11:30

హెచ్‌డీ సినిమా ఛానల్: 1 గంట 9 నిమిషాలు, 1 గంట 12, 1 గంట 10. మాస్టారూ, మీరు అడిగే దాకా ఇవి ఇంత దగ్గరగా ఉన్నాయని నేను గమనించనే లేదు.

లెక్కల మాస్టారు | 4 సెప్టెంబరు, ఉదయం 6:10

ఒకటి ఇంకోదానికి రమారమి సగం ఉంది, చూశారా? కనుక ఆగడం కాలాన్ని బట్టి కాదు, పరిమాణాన్ని బట్టి. ఫైలు ఒక హద్దు దాకా పెరిగి ఆగుతోంది. హెచ్‌డీ తొందరగా నింపేస్తుంది కాబట్టి తొందరగా ఆగుతోంది.

ఇక ఆ హద్దు ఏమిటి? మీ డిస్కులు ఫ్యాట్ 32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటాయి. ఆ పద్ధతిలో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. 4 జీబీ అంటే 4,29,49,67,296 బైట్లు. ఎనిమిదితో గుణిస్తే 3,435 కోట్ల చిల్లర బిట్లు. మామూలు ఛానల్ సెకనుకు 40 లక్షల బిట్లు పంపుతోంది అనుకోండి, భాగిస్తే 8,590 సెకన్లు, అంటే 2 గంటల 23 నిమిషాలు. హెచ్‌డీ సెకనుకు 80 లక్షల బిట్లు అనుకుంటే 1 గంట 11 నిమిషాలు. తెర మీద కదలిక ఎక్కువైతే బిట్లు పెరుగుతాయి, అందుకే మీకు రెండు మూడు నిమిషాలు అటూ ఇటూ.

డిస్కు పాడవలేదు, బాక్సూ పాడవలేదు. 4 జీబీ నిండగానే ఆ ఫైలు మూసి రెండో ఫైలు తెరవాలన్న ఆలోచన ఆ సాఫ్ట్‌వేర్ రాసిన వారికి రాలేదు. నోట్ బుక్కు అయిపోతే ఇంకో నోట్ బుక్కు తీసుకోవాలని ఆరో తరగతి పిల్లవాడికి తెలుసు.

హెడ్‌ఎండ్ పాతకాపు | రాజాం | 4 సెప్టెంబరు, రాత్రి 9:20

మాస్టారికి నమస్కారం. మీరు కాగితం మీద తేల్చిన దానికి మా కంట్రోల్ రూములో మూడు వారాలు పట్టేది. నేను పన్నెండేళ్లు ఒక హెడ్‌ఎండ్‌లో, అంటే ఛానళ్లన్నీ పోగేసి కేబుల్‌లోకి వదిలే చోట, పనిచేసి మానేశాను. "పై నుంచి" అంటే ఏమిటో చెబుతాను.

బాక్సు లోపలి చిప్పు ఒకరిది. దాని మీద నడిచే మెనూలు, రికార్డింగు సాఫ్ట్‌వేర్ ఇంకొకరిది. డబ్బు కట్టిన ఛానళ్లే తెరుచుకునేలా తాళం వేసే వ్యవస్థ మూడో వారిది. బాక్సు బిగించి అమ్మిన కంపెనీ నాలుగోది. సాఫ్ట్‌వేర్‌లో ఒక్క వాక్యం మార్చినా తాళం వారు పరీక్షించి తమ డిజిటల్ సంతకం పెట్టాలి. సంతకం లేని ఫైలును బాక్సు దగ్గరికి రానివ్వదు. ఆ తర్వాత మీ వీధి ఆపరేటర్‌కు సిగ్నల్ ఇచ్చే పెద్ద ఆపరేటర్ తన గదిలో పరీక్షిస్తారు, ఒక చిన్న ప్రాంతంలో వదులుతారు, ఫిర్యాదులు రాకపోతే మిగతా ఊళ్లకు. మీ వీధిలో వైరు లాగే ఆపరేటర్‌కు ఇందులో ఏ పాత్రా లేదు. ఆయన వేలు ఆకాశం వైపు చూపించడంలో అబద్ధం లేదు.

ఆలస్యం ఎక్కువగా జరిగేది పరీక్షల దగ్గర. ప్రభుత్వం కేబుల్‌ను దశలవారీగా డిజిటల్‌కు మార్చినప్పుడు ఈ బాక్సులు పట్టణాలకు 2015 డిసెంబరు 31 గడువు పెట్టి మూడో దశలో వచ్చాయి, మిగతా ఊళ్లకు నాలుగో దశలో 2017 మార్చి 31 దాకా పొడిగించారు. ఆ హడావిడిలో ఎవరి దగ్గర దొరికితే వారి దగ్గర కొన్నారు. నేను పనిచేసిన చోట ఏడు రకాల బాక్సులు ఉండేవి. ఒకే కంపెనీ, ఒకే డబ్బా, లోపల మెమరీ చిప్పు వేరు. ఒకదానికి సరిపోయిన అప్‌డేట్ ఇంకోదాన్ని చంపేస్తుంది. అప్‌డేట్ రాస్తుండగా కరెంటు పోతే కొన్ని బాక్సులు మళ్లీ లేవవు. అలా ఒక్క రాత్రి రెండు వందల బాక్సులు చచ్చిపోయినప్పుడు ఫోన్లు ఎత్తిన వాడిని నేను. అందుకే పైన ఉన్నవారు "ఇంకో వారం చూద్దాం" అనడం నాకు ఆశ్చర్యం కాదు. చెప్పకుండా కూర్చోవడం మాత్రం తప్పే.

వేదిక నిర్వాహకులు | 5 సెప్టెంబరు, ఉదయం 10:00

చర్చ బాగుంది, కొనసాగించండి. ఒక సభ్యులు తమ ఆపరేటర్ పేరు, ఫోను నంబరు రాశారు, తొలగించాను. సమస్య రాయండి, మనుషుల నంబర్లు వద్దు.

నైట్‌డ్యూటీ | నరసన్నపేట | 6 సెప్టెంబరు, ఉదయం 9:15

నేను నర్సును. నెలలో పదిహేను రాత్రులు ఆసుపత్రిలోనే. సీరియళ్లు అరగంటే కాబట్టి మాస్టారు చెప్పిన హద్దు నాకు ఎప్పుడూ తగల్లేదు. మీరందరూ అప్‌డేట్ రావాలని ఎదురుచూస్తుంటే నేను రాకూడదని మొక్కుకుంటున్నాను.

నా డిస్కులో 140 గంటలు ఉన్నాయి. సీరియళ్లు పోతే పోనీ, అత్తగారు రోజూ అరగంట ఆలస్యంగా చూసి బాధపడతారు, అంతే. కానీ మా బాబు బడి వార్షికోత్సవం లోకల్ ఛానల్‌లో వేశారు. వాడు అందులో గిడుగు రామ్మూర్తి పంతులు గారి వేషం వేశాడు. కోటు జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో వాడుక భాష గురించి ఉపన్యాసం. ఆ రోజు నాకు డ్యూటీ, నేను చూసింది ఆ రికార్డింగులోనే. అది కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ప్రయత్నిస్తే ఫైలు కనిపిస్తుంది, తెరుచుకోదు. అప్‌డేట్ వస్తే ఉన్నవి పోతాయా? వేరే బాక్సుకు తగిలించవచ్చా?

హెడ్‌ఎండ్ పాతకాపు | 6 సెప్టెంబరు, సాయంత్రం 7:40

అమ్మా, ఆ ఫైలు మీ బాక్సు చిప్పులో ఉన్న తాళం చెవితోనే తెరుచుకుంటుంది. కంప్యూటర్ చదవలేదు, పక్కింటి వారి అదే రకం బాక్సూ చదవలేదు. వేరే ఆపరేటర్ బాక్సు సంగతి అసలే వద్దు. ఏ బాక్సయినా ఏ ఆపరేటర్‌కైనా పనిచేసేలా ఉండాలని టెలికాం, కేబుల్ నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020 ఏప్రిల్‌లో సిఫార్సు చేసింది. అది అమలైనా ఈ తాళం సంగతి వేరు.

అప్‌డేట్ మామూలుగా బాక్సు లోపలి మెమరీని మారుస్తుంది, మీ డిస్కు జోలికి రాదు. అయినా నేనైతే అప్‌డేట్ పూర్తయ్యే దాకా డిస్కు ఊడదీసి పక్కన పెడతాను. తర్వాత తగిలించినప్పుడు తెర మీద ఏం అడుగుతుందో రెండుసార్లు చదివి గానీ బటన్ నొక్కకండి. అంతకన్నా ముందు, ఆ బాబు ఉపన్యాసం టీవీలో పెట్టి ఎదురుగా ఫోను నిలబెట్టి వీడియో తీసేయండి. బొమ్మ గొప్పగా రాదు, కానీ మీ చేతిలో ఉంటుంది.

నైట్‌డ్యూటీ | 6 సెప్టెంబరు, రాత్రి 8:02

ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు. ఇప్పుడే తీస్తున్నాను. వాడే ఫోను పట్టుకున్నాడు.

జీడితోట | పలాస | 10 సెప్టెంబరు, ఉదయం 7:30

వాయుగుండం వానలకు రెండు రోజులు కరెంటు వస్తూ పోతూ ఉంది. రికార్డింగు జాబితాలో ఒక వింత కనిపించింది. నిన్నటి వార్తల తేదీ "1970 జనవరి 1, ఉదయం 5:42" అని ఉంది. నేను పుట్టింది 1974లో.

ఇది నాకు కొత్త కాదు నిజానికి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా ఉద్దానం ప్రాంతాన్ని ఊడ్చేసినప్పుడు కొబ్బరి, జీడి పడిపోయి, మా ఊరికి చాలా రోజులు కరెంటు లేదు. తిరిగి వచ్చిన రోజు టీవీ పెడితే తెర మీద 1970 అనే ఉంది. తోట పోయిన వాడికి ఏ సంవత్సరమైతే ఏమిటి అని అప్పుడు పట్టించుకోలేదు.

లెక్కల మాస్టారు | 10 సెప్టెంబరు, ఉదయం 8:00

కంప్యూటర్లలో చాలా వరకు కాలాన్ని 1970 జనవరి 1 అర్ధరాత్రి నుంచి సెకన్లుగా లెక్కిస్తాయి. ఆ అర్ధరాత్రి గ్రీనిచ్‌ది. మనకు ఐదున్నర గంటలు కలిపితే ఉదయం 5:30. మీ బాక్సులో గడియారానికి బ్యాటరీ లేదు. కరెంటు వచ్చాక కేబుల్‌లో వచ్చే సమయం అందుకునే దాకా అది 1970లోనే ఉంటుంది. పన్నెండు నిమిషాల దాకా అందలేదంటే మీ ఇంటికి సిగ్నల్ బలహీనంగా ఉందని నా అనుమానం.

కోట గుమ్మం | పుట్టింది విజయనగరం, ఉండేది అమెరికా | 11 సెప్టెంబరు, ఉదయం 6:45

మీ చర్చ చదువుతుంటే నా పాత రోజులు గుర్తొచ్చాయి. ఇక్కడ టీవో అనే రికార్డర్ 1999లోనే అమ్మకానికి వచ్చింది. తర్వాత కేబుల్ కంపెనీలు తమ బాక్సుల్లోనే డిస్కు పెట్టి అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టాయి. నాకు ఇచ్చిన దాని వెనక అదనపు డిస్కు తగిలించే సాటా రంధ్రం ఉండేది. తగిలిస్తే ఏమీ జరగదు. అడిగితే "ఆ సదుపాయం రాబోయే సాఫ్ట్‌వేర్‌లో" అన్నారు. నేను ఆశపడి డిస్కు కొని పక్కన పెట్టుకున్నాను. ఊళ్లన్నీ వంతులు వేసుకుని అప్‌డేట్ అందుకుంటుంటే, మా ఊరి వంతు ఎప్పుడో కాగితం మీద రాసుకునేవాళ్లం. మా వంతు వచ్చే లోపు నేను ఇల్లు మారాను.

ఇంకో ముచ్చట. టీవో సాఫ్ట్‌వేర్‌ను తమ బాక్సుల్లో పెడతామని కామ్‌కాస్ట్ అనే పెద్ద కేబుల్ కంపెనీ 2005 మార్చిలో ప్రకటించింది. మొదటి ప్రాంతంలో ప్రజల ఇళ్లకు చేరేసరికి 2008 వచ్చింది. మీరు ఏడెనిమిది నెలలకే అలసిపోతే ఎలా?

లెక్కల మాస్టారు | 11 సెప్టెంబరు, ఉదయం 9:30

బాబూ, అక్కడ కూడా అంతే అంటే మాకు ఊరట కలుగుతుందని అనుకున్నావా? 1990లో నా దగ్గర వీసీఆర్ ఉండేది. 180 నిమిషాల క్యాసెట్టు. టైమరు పెట్టి బడికి వెళ్తే 180 నిమిషాలూ ఎక్కించేది. నెమ్మది వేగంలో పెడితే ఆరు గంటలు. వానకు బూజు పట్టేది, టేపు నలిగేది, నిజమే. కానీ సంతకాలు అడగలేదు, వచ్చే ఉగాదికి క్యాసెట్టు చివరి దాకా తిరుగుతుందని ఎవరూ నాకు చెప్పలేదు.

లెక్కల మాస్టారు | 19 సెప్టెంబరు, ఉదయం 5:40

అందరూ వినండి. నిన్న రాత్రి ఎప్పుడో నా బాక్సు మారింది. మెనూలో సిస్టమ్ సమాచారం చూస్తే నిన్నటి దాకా 2.1.7, ఇప్పుడు 2.3.0. హెచ్‌డీ ఛానల్ ఒకటి పరీక్షకు పెట్టాను, సాయంత్రం చెబుతాను.

ఏడురోడ్లు | 19 సెప్టెంబరు, ఉదయం 7:05

బొబ్బిలికి వచ్చి శ్రీకాకుళానికి రాకపోవడం ఏమిటి? మీరూ మేమూ ఒకే పెద్ద ఆపరేటర్ కింద ఉన్నాం కదా. నాది ఇంకా 2.1.7.

గంటస్తంభం వీధి | 19 సెప్టెంబరు, ఉదయం 7:30

నాదీ 2.1.7. పైగా మా ఇంటి వెనక వీధిలో ఒకరికి వచ్చిందట!

హెడ్‌ఎండ్ పాతకాపు | 19 సెప్టెంబరు, మధ్యాహ్నం 1:10

ఒక్క ప్రశ్న. రాత్రి పడుకునే ముందు టీవీ ఎలా ఆపుతారు? రిమోట్‌తోనా, గోడ స్విచ్‌తోనా?

ఏడురోడ్లు | 19 సెప్టెంబరు, మధ్యాహ్నం 1:25

గోడ స్విచ్. అందరూ అంతే కదా?

గంటస్తంభం వీధి | 19 సెప్టెంబరు, మధ్యాహ్నం 1:40

నాన్నగారు తొమ్మిదిన్నరకు గ్యాసు, గొళ్లెం, టీవీ స్విచ్ ఈ మూడూ చూసి గానీ పడుకోరు.

హెడ్‌ఎండ్ పాతకాపు | 19 సెప్టెంబరు, మధ్యాహ్నం 2:15

అదీ సంగతి. మాస్టారూ, మీరు?

లెక్కల మాస్టారు | 19 సెప్టెంబరు, సాయంత్రం 4:00

నేను మర్చిపోతాను. మా ఇంటావిడ రోజూ తిడుతుంది. ఇకపై ఆ తిట్లకు జవాబు దొరికిందన్నమాట. పరీక్ష ఫలితం: 3 గంటల 5 నిమిషాలు ఆగకుండా రికార్డు అయింది.

హెడ్‌ఎండ్ పాతకాపు | 19 సెప్టెంబరు, రాత్రి 9:00

అప్‌డేట్ ఫోనులో లాగా మనం అడిగితే వచ్చేది కాదు. కేబుల్‌లో ఛానళ్ల పక్కనే ఆ ఫైలును ముక్కలు చేసి వదులుతారు. చివరి ముక్క అయ్యాక మళ్లీ మొదటి ముక్క. అలా రోజుల తరబడి తిరుగుతూనే ఉంటుంది. సిరిమాను మొదటి తిరుగులో దర్శనం కాకపోతే రెండో తిరుగుకు నిలబడతాం చూడండి, బాక్సూ అలాగే నిలబడాలి. ఒక ఫ్రీక్వెన్సీలో సెకనుకు 38 మెగాబిట్లు పడతాయి, కానీ అందులో ఎక్కువ భాగం ఛానళ్లకే. ఈ పనికి మిగిల్చేది చాలా సన్నని దారి. లెక్క కోసం, 24 మెగాబైట్ల ఫైలును సెకనుకు 64 కిలోబిట్ల చొప్పున పంపితే ఒక్క తిరుగుకు 50 నిమిషాలు. సిగ్నల్ బాగా లేక ఒక ముక్క చెడితే ఆ ముక్క కోసం తరువాతి తిరుగు దాకా ఆగాలి.

మనం టీవీ చూస్తున్నప్పుడు బాక్సు ఈ పని పెట్టుకోదు. రిమోట్‌తో ఆపితే, ఎర్ర దీపం వెలుగుతుండగా, తెల్లవారుజామున చేసుకుంటుంది. గోడ స్విచ్ ఆపితే అది నిద్రపోవడం కాదు, చచ్చిపోవడం. మీకు అప్‌డేట్ రాలేదని చెప్పలేం. వచ్చి తలుపు కొట్టి వెళ్లిపోయి ఉండవచ్చు.

ఏడురోడ్లు | 19 సెప్టెంబరు, రాత్రి 9:12

ఈ ఒక్క మాట మా ఆపరేటర్ గారు జనవరిలో చెప్పి ఉంటే!

హెడ్‌ఎండ్ పాతకాపు | 19 సెప్టెంబరు, రాత్రి 9:20

ఆయనకు ఎవరు చెప్పారు?

గంటస్తంభం వీధి | 20 సెప్టెంబరు, ఉదయం 8:15

నాన్నగారితో పేచీ అయింది. స్విచ్ ఆన్‌లో ఉంచితే కరెంటు బిల్లు, పిడుగు. ఈ రెండూ ఆయన అభ్యంతరాలు. బిల్లు సంగతి మాస్టారు చెప్పాలి.

లెక్కల మాస్టారు | 20 సెప్టెంబరు, ఉదయం 8:40

ఎర్ర దీపం మీద కూడా 10 వాట్లు లాగుతుందని ఎక్కువగానే వేసుకుందాం. రాత్రికి ఎనిమిది గంటలు, 80 వాట్-అవర్లు. నెలకు 2,400. అంటే 2.4 యూనిట్లు. పిడుగు విషయంలో మీ నాన్నగారిదే న్యాయం. ఉరుములు ఉన్న రాత్రి స్విచ్ ఆపడమే కాదు, కేబుల్ వైరు కూడా బాక్సు నుంచి తీసేయండి. వైరు వెంట కూడా వస్తుంది.

ఏడురోడ్లు | 23 సెప్టెంబరు, ఉదయం 6:30

వచ్చింది! 2.3.0! కానీ సంతోషం పావుగంటే. లేవగానే తెర మీద "డిస్కును సిద్ధం చేయాలా?" అని అడిగింది. "అవును" అన్న దాని మీదే గుర్తు వెలుగుతోంది. నిద్రమత్తులో నొక్కేశాను. సిద్ధం చేయడం అంటే తుడిచిపెట్టడమట. పదకొండు సినిమాలూ పోయాయి, వాటికి ఏడవను. మార్చిలో అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకే రోజుల ప్రసారం మా అమ్మ కోసం దాచాను, అదీ పోయింది. పాతకాపు గారు డిస్కు తీసి పెట్టమని ముందే రాశారు. చదివాను కూడా.

నైట్‌డ్యూటీ | 24 సెప్టెంబరు, ఉదయం 9:50

మీకు జరిగింది చదివి డ్యూటీలో ఉండగానే ఇంటికి ఫోను చేసి డిస్కు తీయించాను. నిన్న రాత్రి నాకూ అప్‌డేట్ వచ్చింది. తర్వాత డిస్కు తగిలిస్తే అదే ప్రశ్న. వద్దు అని నొక్కాను. జాబితా ఖాళీగా కనిపించింది. గుండె జారింది. బాక్సు ఒకసారి ఆపి మళ్లీ పెడితే అన్నీ ఉన్నాయి, బాబు కోటుతో సహా. ఇంకా రాని వాళ్లు గుర్తుంచుకోండి: "వద్దు" నొక్కి, బాక్సు ఆపి, మళ్లీ పెట్టండి.

ఏడురోడ్లు గారూ, అరసవల్లిలో అక్టోబరు మొదట్లో మళ్లీ కిరణాల రోజులు ఉన్నాయి కదా.

ఏడురోడ్లు | 2 అక్టోబరు, ఉదయం 8:20

ఉదయం 5:45కు పెట్టాను. ప్రసారం మొదటి నుంచి చివరి దాకా ఉంది. అమ్మ దండం పెట్టుకుని, డిస్కు తీసి బీరువాలో పెట్టమంది. డిస్కు తీస్తే రేపటి సినిమా ఎక్కడ రికార్డు చేయాలి అని అడిగే ధైర్యం నాకు లేదు.

గంటస్తంభం వీధి | 6 అక్టోబరు, రాత్రి 10:00

పదహారు రాత్రులు ఎర్ర దీపం వెలిగించి ఉంచాం. మధ్యలో రెండు రాత్రులు ఉరుములు, ఒక రాత్రి కరెంటు లేదు. నాకు ఇంకా 2.1.7. సిగ్నల్ క్వాలిటీ బాగానే ఉంది. ఇక తొమ్మిది రోజులే మిగిలాయి.

హెడ్‌ఎండ్ పాతకాపు | 6 అక్టోబరు, రాత్రి 10:30

బాక్సు అడుగున స్టిక్కరు మీద మోడల్ నంబరు చివర ఏ అక్షరం ఉంది?

గంటస్తంభం వీధి | 6 అక్టోబరు, రాత్రి 10:34

సి.

ఏడురోడ్లు | 6 అక్టోబరు, రాత్రి 10:50

నాది బి.

నైట్‌డ్యూటీ | 7 అక్టోబరు, ఉదయం 9:00

నాదీ బి.

హెడ్‌ఎండ్ పాతకాపు | 7 అక్టోబరు, ఉదయం 11:15

అయితే సి రకానికి ఇంకా వదలలేదు. లోపల మెమరీ చిప్పు వేరై ఉంటుంది. ఫైలు మీ ఇంటి ముందు నుంచే వెళ్తోంది, మీ బాక్సు దాని మీద తన పేరు లేదని వదిలేస్తోంది. అది సరైన పనే చేస్తోంది, బలవంతంగా ఎక్కించాలని చూడకండి. పదిహేనో తేదీ లోపు వస్తుందని నేను మాట ఇవ్వలేను.

లెక్కల మాస్టారు | 7 అక్టోబరు, మధ్యాహ్నం 12:05

అప్‌డేట్ కోసం ఎందుకు ఆగాలి? హద్దు 4 జీబీ అని తెలుసు, మీ లోకల్ ఛానల్‌కు అది 2 గంటల 20 నిమిషాలని తెలుసు. సొంతంగా టైమరు పెట్టి మూడు ముక్కలు చేయండి. 1:30 నుంచి 3:30. 3:31 నుంచి 5:30. 5:31 నుంచి 7:00. పక్కపక్కనే ఆనించి పెడితే మొదటిది మూసే లోపు రెండోది తెరుచుకోదు, అందుకే నిమిషం ఎడం. రెండు నిమిషాలు పోతాయి. ముందు రోజు జరిగే తొలేళ్ల ఉత్సవానికి ఒకసారి పెట్టి పరీక్షించండి. ఇన్వర్టరు ఉంటే టీవీ ప్లగ్గు దానికి మార్చండి. కరెంటు పోతే మీ బాక్సు 1970కి వెళ్లిపోతుంది, అప్పట్లో మీ లోకల్ ఛానల్ లేదు.

గంటస్తంభం వీధి | 16 అక్టోబరు, ఉదయం 7:20

మాస్టారికి పాదాభివందనం. మూడు ముక్కలూ వచ్చాయి. నిన్న మధ్యాహ్నం నుంచి నాన్నగారు కుర్చీ కదల్లేదు, కునుకూ తీయలేదు. రికార్డింగు ఎక్కడ ఆగుతుందోనని బాక్సు మీద దీపం వైపే సగం చూపు. పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల, ఆ వెనక సిరిమాను. అన్నీ ప్రత్యక్షంగానే చూశారు. పోయిన రెండు నిమిషాల్లో ఒకటి నగల దుకాణం ప్రకటన అని ఆయనే సాక్ష్యం చెప్పారు. రెండో నిమిషంలో ఏముందో మాత్రం చెప్పడం లేదు. "అది నేను చూశాను, నువ్వు చూడలేదు" అంటున్నారు.

ఇప్పుడు రికార్డింగు పెట్టుకుని, అప్పుడే నిద్రపోయారు.

లెక్కల మాస్టారు | 16 అక్టోబరు, ఉదయం 7:45

లేపకండి.

నైట్‌డ్యూటీ | 16 అక్టోబరు, ఉదయం 9:30

ఆ డిస్కు బీరువాలో పెట్టేయండి, ఏడురోడ్లు గారి అమ్మగారిలా. సి రకానికి అప్‌డేట్ వచ్చే రాత్రి అది బాక్సుకు ఉండకూడదు.

గంటస్తంభం వీధి | 16 అక్టోబరు, ఉదయం 9:41

తీసేశాను. ఆపరేటర్‌కు ఫోను చేసి సి రకం సంగతి అడిగాను. "మీకు ఎవరు చెప్పారండీ?" అన్నారు. తర్వాత దీపావళికి వస్తుందన్నారు.

కొత్త సభ్యుడు 2024 | కొత్తవలస | 29 అక్టోబరు, రాత్రి 10:55

నమస్కారం. చర్చ పెద్దగా ఉంది, మొత్తం చదవలేదు. మా రికార్డింగు బాక్సు రెండు గంటల ఇరవై నిమిషాలకు ఆగిపోతోంది. అప్‌డేట్ వస్తుందని ఆరు నెలలుగా చెబుతున్నారు. ఎవరికైనా వచ్చిందా?

లెక్కల మాస్టారు | 30 అక్టోబరు, ఉదయం 5:35

బాబూ, రాత్రి టీవీ స్విచ్ ఆపుతారా?

కొత్త సభ్యుడు 2024 | 30 అక్టోబరు, ఉదయం 8:10

ఆపుతాం సార్. ఎందుకు?